వేట లేని 61 రోజుల్లో ఊరి సముద్రం కథలు పోగుచేయడం ఎలా

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఊరు. మా చిన్నప్పుడు సముద్రం అంటే మాఘ పౌర్ణమికి స్నానం, కార్తీకంలో పిక్నిక్, అక్టోబరు నవంబరుల్లో తుఫాను భయం, అంతే. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని చేపలు తెచ్చే అప్ప ఏ రేవు నుంచి వస్తుందో, ఆ చేప ఎక్కడ పడిందో మా ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు, బేరం మాత్రం గట్టిగా ఆడేవాళ్లం. ఇప్పుడు చూస్తే రేవు ఊళ్లో పిల్లలకీ దాదాపు మా పరిస్థితే వచ్చింది. తండ్రి గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద కలాసీ, పిల్లాడు టౌన్‌లో హాస్టల్లో, తాత వాకిట్లో వల బాగుచేసుకుంటూ. ముగ్గురూ ఒకచోట కూర్చునే రోజులే లేకపోతే తాతకి తెలిసింది పిల్లాడి దాకా ఎలా వస్తుంది?

మూడు ఎండాకాలాలుగా మేం ఆరుగురం ఆ రేవు ఊళ్లో కూర్చుని వాళ్లు చెప్పింది రాసుకుంటున్నాం, వినిపిస్తున్నాం, పటాలు గీస్తున్నాం. మొదటి ఏడాది దాదాపు అన్నీ తప్పులే చేశాం. మీ తీరంలో ఎవరికైనా ఇలాంటిది చేయాలని ఉంటే మేం పడ్డ గోతుల్లో మీరు పడకుండా ఉంటారని రాస్తున్నాను.

ముందు తేదీలు చూసుకోండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే, అయినా దీన్నే అందరూ వదిలేస్తారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజిన్ ఉన్న బోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జులై 31 దాకా ఉంటుంది. అంటే వెరావల్, మంగళూరు వెళ్లిన మన కుర్రాళ్లు మే చివరికి ఇళ్లకి వచ్చేస్తారు, ఇక్కడి పెద్దవాళ్లు ఇంకా ఒడ్డునే ఉంటారు, బళ్లు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో కాబట్టి పిల్లలూ ఊళ్లోనే ఉంటారు. ఏడాది మొత్తంలో మూడు తరాలూ ఒక వాకిట్లో దొరికేది జూన్ మొదటి పది పన్నెండు రోజులే. మే నెలంతా పోగుచేసుకోండి, అందరూ కూర్చునే సాయంత్రం మాత్రం ఈ పది రోజుల్లో పెట్టుకోండి. ప్రపంచ సముద్ర దినం జూన్ 8 కూడా ఇందులోనే పడుతుంది గానీ, దాని కోసమే చేస్తున్నట్టు చేయకండి. ఆ తేదీ అనగానే ఫొటోల కోసం వచ్చేవాళ్లు ఎక్కువైపోతారు.

ఒక మాట. నిషేధం రోజులంటే సెలవులని అనుకుని వెళ్లకండి. ఆ రెండు నెలలూ ఆదాయం ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025 నుంచి 20 వేలు అయింది, నిజమే, కానీ అది ఖాతాలో పడేదాకా ఇంట్లో టెన్షన్ ఉంటుంది, అప్పులవాళ్లు తిరుగుతుంటారు. ఏప్రిల్‌లో బోటు ఒడ్డెక్కించి ఇంజిన్ విప్పి వలలన్నీ బయట పరుచుకుని ఉంటారు, అప్పుడు మీరు వెళ్లి నోటుబుక్కు తెరిస్తే చిరాకు పడతారు, పడాలి కూడా. మే మొదటి వారం తర్వాత, ఎండ తగ్గాక, నాలుగున్నర దాటాక వెళ్లండి.

అనుమతి అడగండి, షామియానా వేయకండి

మొదటి ఏడాది మేం షామియానా వేశాం. మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక అతిథి. ఆ అతిథి 50 నిమిషాలు సముద్రాన్ని ఎలా కాపాడుకోవాలో చెప్పాడు, 40 ఏళ్లు వేట చేసినవాళ్లకి! చేపపిల్లకి ఈత నేర్పడం అంటే ఏంటో ఆ రోజు కళ్లారా చూశాను. ముందు వరసలో కూర్చున్న తాత ఒకాయన మెల్లగా లేచి "వలకి దారం తేవాలి బాబూ" అని వెళ్లిపోయాడు, ఆయన వెనక ఇంకో నలుగురు. దారం కొట్టు ఆ టైముకి మూసేస్తారని తర్వాత తెలిసింది.

కాబట్టి మొదట ఊరి పెద్దల దగ్గరికి వెళ్లండి. రామమందిరం అరుగు మీదో, గంగమ్మ గుడి దగ్గరో సాయంత్రాలు కూర్చుంటారు. ఏం చేస్తారు, ఎందుకు, రికార్డింగులు ఎవరి దగ్గర ఉంటాయి, డబ్బు ఏమైనా వస్తుందా, ఈ నాలుగూ సూటిగా చెప్పండి. డబ్బు రాదు అంటే రాదనే చెప్పండి. ఆడవాళ్లతో విడిగా, ఎండుచేపలు ఆరబెట్టే చోట మాట్లాడండి. పెద్దలు ఒప్పుకున్నారంటే వాళ్లూ ఒప్పుకున్నట్టేనని మేం అనుకున్నాం, అది పొరపాటు. గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకులు ఉంటే వాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి, చాలు.

"కథ చెప్పు తాతా" అనొద్దు

అలా అడిగితే వచ్చే జవాబు ఒకటే: "మాకేం కథలొచ్చు బాబూ, మేం చదువుకోలేదు." కథ అనగానే వాళ్లకి పుస్తకమో హరికథో గుర్తొస్తుంది. తమకి జరిగింది కథ కాదనుకుంటారు.

వస్తువు పట్టుకుని అడగండి. వల బాగుచేస్తున్న మనిషి పక్కన కూర్చుని, ఆ చిరుగు చూపించి, "ఇదెక్కడ చిరిగింది?" అనండి. మేం అలా అడిగిన రోజు ఒక తాత "రాయి మీద పడింది" అన్నాడు. ఏ రాయి? సముద్రం అడుగున ఉన్న రాయి. అది అక్కడుందని ఎలా తెలుసు? "గుడి గోపురం, దాని వెనక కొండ ఒకే గీత మీదకి వస్తే, ఇటు పక్క తాటితోపు లైటుహౌసుకి తగిలినట్టు కనపడితే, ఆ రెండు గీతలూ కలిసే చోట రాయి." అది ఎవరు చూపించారు? వాళ్ల నాన్న. రాత్రయితే? అప్పుడు చుక్కలు. గొల్లకావడి ఎటు ఒరిగింది, పిల్లలకోడి ఎంత ఎత్తుకి వచ్చింది, వేగుచుక్క పొడవకముందే వల లాగేయాలా వద్దా. ఒక చిరుగు నుంచి గంటన్నర మాట వచ్చింది. అక్కడే కూర్చున్న మనవడు ఫోన్ కింద పెట్టేసి "ఎప్పుడూ చెప్పలేదేం తాతా" అన్నాడు. "నువ్వడిగావా?" అన్నాడు తాత.

మా అనుభవంలో పనిచేసిన ప్రశ్నలు కొన్ని రాస్తాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి:

1. ఇంజిన్ రాకముందు తెప్ప మీద వెళ్లేటప్పుడు తిండి, నీళ్లు ఎలా తీసుకెళ్లేవారు?
2. తెప్ప దుంగలు ఎక్కడి నుంచి వచ్చేవి, ఎవరు కట్టేవారు? ఇప్పుడు ఫైబర్ బోటుకి వచ్చాక ఏం పోయింది, ఏం బాగుపడింది?
3. గాలులకి మీ ఊళ్లో పేర్లేంటి? ఏ గాలికి ఏ చేప?
4. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయకముందే తుఫాను వస్తుందని ఎలా పసిగట్టేవారు?
5. మీ అమ్మ చేపలమ్మిన ఊళ్లు ఏవి? డబ్బులిచ్చేవారా, వడ్లు ఇచ్చేవారా?
6. ఇప్పుడు అసలు కనపడని చేప ఏది?

రెండో ప్రశ్నకి పాత రోజులే బంగారమన్న జవాబు వస్తుందనుకోకండి. ఫైబర్ బోటు, ఇంజిన్ వచ్చాక ప్రాణాలు నిలిచాయని చాలామంది గట్టిగా చెప్తారు. మనకి నచ్చే జవాబు కోసం వాళ్లని తిప్పి తిప్పి అడగడం మర్యాద కాదు.

అయిదో ప్రశ్న ఆడవాళ్లది. దాన్ని చివర్లో తోక లాగా పెట్టకండి, రోజంతా దానికే ఇవ్వండి. ఏ ఊళ్లో ఏ పండగకి ఏ చేప అమ్ముడుపోతుందో, వేలంపాటలో ఎవరు ఎప్పుడు తగ్గుతారో, ఎండు నెత్తళ్లు వర్షంలో ఎలా కాపాడాలో వాళ్లకే తెలుసు. మా ఊరి గురించి, అంటే చేపలు కొనే మా ఊరి గురించి వాళ్లు చెప్పిన సంగతులు రాసుకుంటుంటే నాకు కాస్త సిగ్గేసింది. మా తాతగారి పిసినారితనం అక్కడ ముప్ఫై ఏళ్లుగా జోకు.

చేపల పేర్లు పిల్లలకి అప్పగించండి. కానాగడతలు, కవ్వళ్లు, నెత్తళ్లు, చందువలు, గులివిందలు, సొరలు, టేకులు. మిగతా చోట్ల వంజరం అనేదాన్ని మా వైపు కోనెం అంటారు. పది కిలోమీటర్లు పోతే కొన్ని పేర్లు మారిపోతాయి, కొన్ని చేపలకి చిన్నప్పుడొక పేరు, పెరిగాక ఇంకో పేరు. ఎవరు ఎక్కువ పేర్లు తెస్తారో అని పందెం పెడితే పిల్లలు ఇళ్లల్లో ముసలమ్మలని నిద్రపోనివ్వరు.

రికార్డింగు

మామూలు ఫోన్ సరిపోతుంది. శత్రువు గాలి. ఒడ్డున రికార్డు చేస్తే మనిషి గొంతు బదులు హోరు వినపడుతుంది, మాకు పదకొండు రికార్డింగులు అలా పోయాయి. ఒడ్డెక్కించిన బోటుకి గాలి తగలని పక్కన కూర్చోండి, ఫోన్ మైకు దగ్గర పల్చటి సాక్సు తొడగండి, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మొదట్లో తేదీ, ఊరు, పేరు మీ గొంతుతో చెప్పి, "రికార్డు చేయమంటారా?" అని అడిగి ఆ జవాబు కూడా రికార్డు చేయండి. అయిపోయాక "ఇందులో బయటివాళ్లకి వినిపించొద్దన్నది ఏమైనా ఉందా?" అని మళ్లీ అడగాలి. ఈ రెండో ప్రశ్నకే అసలు జవాబు వస్తుంది. రాసుకునేటప్పుడు వాళ్ల యాసని పాఠ్యపుస్తకం భాషలోకి దిద్దకండి. అదే రోజు రాత్రి రెండు చోట్ల కాపీ పెట్టుకోండి.

ఇసక మీద పటం

మాకు అన్నిటికన్నా బాగా కుదిరింది ఇది. తడి ఇసక మీద కర్రతో ఒక గీత గీసి "ఇది మన ఒడ్డు, సముద్రం ఎలా ఉంటుందో గీయండి" అంటే చాలు. ఒకరు మొదలుపెడితే పక్కవాడు తప్పంటాడు, మూడోవాడు వచ్చి ఇద్దరిదీ చెరిపేస్తాడు, గంటలో పాతిక మంది పోగవుతారు. గవ్వలు రాళ్లకి గుర్తు, పుల్లలు వలలు వేసే చోట్లకి, చిన్న గొయ్యి ఏటి మొగ దగ్గర లోతుకి.

పిల్లలు గీస్తే ఇళ్లు, చెట్లు, ఆపైన నీలం రంగు. పెద్దవాళ్లు గీసిన పటంలో సముద్రం నిండా గుర్తులు, ఒడ్డు వైపు మాత్రం దూరం నుంచి కనపడేవే: కొండ, గోపురం, తోపు, సెల్ టవరు. విశాఖలో అయితే డాల్ఫిన్స్ నోస్ కొండ, కైలాసగిరి ఉన్నాయి గుర్తు పట్టడానికి. గోదావరి మొగల దగ్గర కొండలే లేవు కదా, అక్కడివాళ్లు దేన్ని పట్టుకుని దారి చూసుకుంటారో అడగండి, నీటి రంగు, సీసం గుండు దింపితే తగిలే అడుగు బురదదా ఇసకదా అన్న సంగతులు వస్తాయి.

పటం పూర్తయ్యాక ఫొటో తీసి, చార్టు మీద ఎక్కించి, మళ్లీ వాళ్లకే చూపించి సరిచేయించండి. రెండు జాగ్రత్తలు. చేపలు దండిగా పడే చోట్లు ఇంటింటి గుట్టు, వాటిని బయటి పటంలో పెట్టొద్దు, ఆన్‌లైన్‌లో అసలే వద్దు. మేం ఊరి పటం ఒకటి, బయటివాళ్లకి చూపే పటం ఒకటి, రెండు చేశాం. ఇక ఒడ్డు కోతకి గురవుతున్న ఊరైతే, కాకినాడ దగ్గర ఉప్పాడ లాంటి చోట్ల, పోయిన వీధులనే మొదట గీయించండి. ఇప్పుడు నీళ్లున్న చోట ఎవరి ఇల్లు ఉండేది, గుడి ఎక్కడ, బావి ఎక్కడ. అది చెప్పగలిగేవాళ్లు ఏటికేడాది తగ్గిపోతున్నారు.

ఏడుపు వస్తే

వస్తుంది. కోనసీమలో 1996 నవంబరు 6, దివిసీమలో 1977 నవంబరు 19, మా వైపు 2018 అక్టోబరు 11 తిత్లీ, అన్నీ తుఫానులే. ఒక్కో తీరానికి ఒక్కో తేదీ, ఒక్కో ఇంట్లో తిరిగి రాని మనిషి. మీరుగా అడగకండి. వాళ్లే మొదలుపెడితే రికార్డింగు ఆపాలా అని అడిగి, ఆపమంటే ఆపేసి, కూర్చుని వినండి. దూరం వెళ్లిన కుర్రాళ్ల సంగతీ అంతే. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మన జిల్లాలవాళ్లు 2020 జనవరిలో గానీ ఇళ్లు చేరలేదు. అలాంటి ఇంటికి వెళ్లి "జైల్లో ఎలా ఉండేది?" అని అడిగే పని పెట్టుకోవద్దు. వలస కుర్రాళ్లతో మేం వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లతో మొదలుపెట్టాం. అక్కడి బోటు మీద వంట ఎవరు చేస్తారు, ఏ భాషలో తిట్టుకుంటారు, ఇంటి మీద బెంగ ఏ టైముకి వస్తుంది, ఇలాంటివి. వాళ్లే పంపారు, రాత్రి పన్నెండుకి, ఇంజిన్ మోతలో.

రెండు ఊళ్లనీ ఒకచోట కూర్చోబెట్టే సాయంత్రం

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం. వేదిక వద్దు, ఒడ్డున బోట్ల మధ్య చాపలు. టీ, బొరుగులు, చిన్న స్పీకరు, బోటుకి ఆనించి ఇసక పటం చార్టు. మాకు రెండున్నర వేలు ఖర్చయింది, అందులో సగం టీకే.

వరస ఇలా పెట్టుకోండి: మొదట పిల్లలు, తాము ఎవరి దగ్గర ఏం విన్నారో ఆ మనిషి ఎదురుగానే చెప్పాలి. తప్పు చెప్తే ఆ మనిషి ఊరుకోడు, లేచి దిద్దుతాడు. సరిగ్గా అదే మనకి కావాలి. మైకు ఇస్తే రెండు ముక్కలు చెప్పి కూర్చునే మనిషి, మనవడు తప్పు చెప్తే పావుగంట ఆగకుండా మాట్లాడతాడు. తర్వాత ఆడవాళ్లు. వాయిస్ మెసేజ్‌లు ఆఖర్న.

మా ఊరి రైతులని పిలిచినప్పుడు వస్తారా అని అనుమానం ఉండేది. వాళ్లని కదిలించింది తాబేలు. శ్రీకూర్మం గుళ్లో కూర్మనాథుడికి మొక్కే ఊళ్లు మావి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయని, అటవీ శాఖవాళ్లు ఆ గుడ్లని కంచె వేసి పొదిగించి పిల్లలని సముద్రంలోకి వదులుతారని సగంమంది రైతులకి తెలీదు. వలలో తాబేలు పడితే కాళ్లకి మొక్కి వదిలేసే ఆచారం గురించి ఒక వేటగాడు చెప్తుంటే మా పెదనాన్న చాప మీద ముందుకి జరిగి కూర్చున్నాడు. మీ దగ్గర అలాంటి ముడి ఏదో ఒకటి ఉంటుంది, జాతరో, ఉప్పుమడో, పాత రేవో. బాపట్ల జిల్లా మోటుపల్లి వైపు వాళ్లకైతే కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. తుఫానుకి ఒడ్డున పడ్డ ఓడల సరుకు రాజులు లాగేసుకునే రోజుల్లో, మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోనని 1244లో వేయించిన శాసనం. పిల్లలకి చెప్పండి, ఓరుగల్లు రాజుకి కూడా సముద్రం అక్కర పడిందని.

శాస్త్రవేత్తలని పిలవొచ్చా? పిలవండి, రెండో ఏడాది. మొదటి ఏడాది పిలిస్తే పెద్దవాళ్లు నోరు కట్టేసుకుంటారు. ఊరి పటం, గాలుల పేర్లు మీ చేతిలో ఉన్నాక మాట సమానంగా నడుస్తుంది. సముద్రం లేని హైదరాబాద్‌లో 1999 నుంచి ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. ఉపగ్రహాలతో నీటి వేడిని, నాచు పచ్చదనాన్ని చూసి చేపలు ఎటు ఉండొచ్చో, కెరటాలు ఎంత ఎత్తు లేస్తాయో చెప్తుంది, తెలుగులో కూడా. మేం ఆ సమాచారాన్ని ప్రింట్ తీసి ఇసక పటం పక్కన పెట్టాం. "వీళ్లు చెప్పిన చోటు సరే, వలకి అడ్డం రాయుందని వీళ్లకి తెలీదుగా" అని ఒకాయన, "నీటి వేడి మనకి తెలీదుగా" అని వాళ్ల అబ్బాయి. ఆ వాదన ఇంకా తెగలేదు, తెగక్కర్లేదు కూడా.

తిరిగి ఇచ్చేయాలి

ఎవరి గొంతు వాళ్ల ఇంటికి మెమరీ కార్డులో వేసి ఇవ్వండి. పటం ఒక కాపీ బడికి, ఒకటి గుడికి. చేపల పేర్లు బడి గోడ మీద పిల్లలతోనే రాయించండి, రంగుల డబ్బాకి అయ్యే ఖర్చే. ఇవేవీ ఇవ్వకుండా రెండో ఏడాది వెళ్తే "మా మాటలు పట్టుకుపోయారు" అంటారు, ఆ మాట మేం పడ్డాం.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు కదులుతాయి. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి తోస్తారు. వెళ్లండి, ఫోన్ జేబులో పెట్టుకుని బోటు తోయడానికి ఒక చెయ్యి వేయండి, తర్వాత నుంచి పనిలో ఉన్నవాళ్లని విసిగించకండి. మా జాబితాలో ఒక మామ్మ చెప్పిన చేపల పేర్లు నాలుగు ఏ చేపలవో ఎవరికీ తేలలేదు. వేట మొదలయ్యాక పిల్లలు ఆదివారం పూట బోట్లు రాగానే గంపలన్నీ వెతికి, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ ఆవిడ దగ్గరికి మోసుకెళ్తున్నారు. ఇప్పటికి రెండు దొరికాయి.